సైన్స్ ఫెయిర్ చూసినాం, సైన్సు తిర్నాల ఎప్పుడు?

నాలుగేళ్ల కిందట కర్నూల్లో ఒక బడిలో వైజ్ఞానిక ప్రదర్శన పెడితే మా అవ్వను వెంటబెట్టుకుని పోయినాను. మా అన్న కూతురు ఏదో మోడల్ చేసిందని పిలిచింది. హాలు నిండా బల్లలు, బల్లల మీద థర్మాకోల్, వెనక చార్టులు, పిల్లలందరి చొక్కాలకూ బ్యాడ్జీలు. ఒకచోట బోరుబావి మోడల్ ఉంటే అవ్వ అక్కడ ఆగిపోయింది. పత్తికొండ దిక్కు మా చేన్లో మూడు బోర్లు దింపించి మూడూ పోగొట్టుకున్న మనిషి.

"ఏం నాయనా, నీళ్లు యాడుండాయో మీకెట్ల తెలుస్తాది?" అనడిగింది.

పిల్లోడు ఊపిరి బిగబట్టి మొదలుపెట్టినాడు. "గుడ్ మార్నింగ్ సార్, మా ప్రాజెక్టు పేరు భూగర్భ జలాల సంరక్షణ..." అవ్వ మధ్యలో ఆపి మళ్లీ అదే అడిగింది. వాడు మళ్లీ గుడ్ మార్నింగ్ నుంచే ఎత్తుకున్నాడు. అంతలో గైడ్ టీచర్ వచ్చి, "అమ్మా, జడ్జీలు వస్తున్నారు, కొంచెం పక్కకు జరగండి" అన్నారు.

తప్పు పిల్లోడిది కాదు, టీచరుదీ కాదు. ఆ ప్రదర్శన పెట్టింది జడ్జీల కోసం. అవ్వ పొరపాటున మధ్యలో వచ్చింది, అంతే. అన్ని వయసులవాళ్లకూ సైన్సు పండుగ అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. అది దేన్ని గురించో తెలియాలంటే ముందు ఈ చిక్కు విప్పుకోవాలి.

సైన్సు పేరుతో జరిగేవాటన్నిటినీ మనం ఒకే గాటన కట్టేస్తాం. సైన్స్ ఫెయిర్ ఒక పోటీ. మండలంలో గెలిస్తే జిల్లాకు, జిల్లాలో గెలిస్తే రాష్ట్రానికి పోతారు. అక్కడ చూసేవాడికంటే మార్కులు వేసేవాడు ముఖ్యం. సైన్స్ కాంగ్రెస్ సంగతి వేరు. 1914లో కలకత్తాలో మొదలైన ఆ సభ శాస్త్రవేత్తలు తమలో తాము మాట్లాడుకునేందుకు పెట్టుకున్నది. పిల్లల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి నడుస్తోంది. పిల్లలు తమ ఊరి సమస్యనే తీసుకుని లెక్కలు కట్టి, జనాన్ని అడిగి, నివేదిక రాసుకొస్తారు. వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది అదే, కానీ చివరికి అక్కడా ఎంపికే. ఇక సైన్స్ సెంటర్ అంటే ఒక కట్టడం. మనకు దగ్గర్లో ఉన్నది తిరుపతిలో, అదీ 1993లో తెరిచిందే. బాగుంటుంది. ఆదోని నుంచి పోయి చూసి రావాలంటే మాత్రం కూలి మానుకోవాల.

పండుగ ఈ నాలుగింటిలో దేనికిందా రాదు. దానికి తలుపులుండవు, జడ్జీలుండరు, మొదటి బహుమతి ఉండదు. కొన్ని రోజులపాటు ఊర్లోని బజార్లు, పార్కులు, గ్రంథాలయాలు, టీ అంగళ్ల దగ్గర సైన్సు కూర్చుని ఉంటుంది. సంకలోని బిడ్డ నుంచి కర్ర పట్టుకున్న అబ్బ దాకా ఎవరైనా ఆగి, ముట్టుకుని, అడిగి, ఇష్టం లేకపోతే నడిచిపోవచ్చు. మన సీమలో దీనికి సరిపోయే మాట ఎప్పటినుంచో ఉంది: తిర్నాల. తిర్నాలకు పొయ్యేవాణ్ణి నీకేం అర్థమైందని ఎవరూ పరీక్ష పెట్టరు.

ఈ తరహాలో మొదటిదిగా చెప్పుకునేది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో 1989లో మొదలైంది. ఆ ఊరికి పండుగలు కొత్త కాదు, 1947 నుంచి అక్కడ పెద్ద కళల ఉత్సవం జరుగుతోంది. నాటకానికీ సంగీతానికీ ఊరు ఊరంతా కదులుతుంటే సైన్సుకు ఎందుకు కదలదన్న ఆలోచనలోంచి ఇది పుట్టింది. వసంతంలో, ఈస్టర్ సెలవుల కాలంలో పెట్టుకున్నారు. పిల్లలు ఇంట్లో ఉంటారు, అమ్మానాన్నలకు వాళ్లను ఎక్కడికైనా తీసుకుపోవాల్సిన అవసరం ఉంటుంది. చిన్న విషయంలా కనబడుతుంది గానీ సగం విజయం అక్కడే ఉంది. అంతకుముందూ దారి వేసినవాళ్లున్నారు. లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌వాళ్లు 1825 నుంచి క్రిస్మస్ సమయంలో చిన్నవాళ్ల కోసం ఉపన్యాసాలు పెట్టేవాళ్లు. మైకేల్ ఫారడే ఒక్క కొవ్వొత్తిని చేతబట్టుకుని, అది ఎట్లా మండుతుందో చెప్తూ రసాయనశాస్త్రమంతా తిప్పి చూపించింది ఆ వేదిక మీదనే. ఎడిన్‌బరా తర్వాత ఇటలీలో జెనోవా 2003లో, న్యూయార్క్ 2008లో అదే బాట పట్టాయి.

అయితే ఇదంతా పడమటి నుంచి దిగుమతైన సరుకని అనుకుంటే పొరపాటు. 1987లో భారత జన విజ్ఞాన జాతా పేరుతో దేశం ఐదు దిక్కుల నుంచి బృందాలు బయల్దేరి, పాటలు పాడుతూ, వీధి నాటకాలు ఆడుతూ, దారిపొడవునా ప్రయోగాలు చేసి చూపిస్తూ భోపాల్‌లో కలిసినాయి. భోపాలే ఎందుకంటే, 1984లో విషవాయువు చంపిన ఊరది. సైన్సును పొగుడుతూ పోలేదు వాళ్లు, సైన్సును ప్రశ్నిస్తూ పోయినారు. దాని వెనక, సైన్సును జనం దగ్గరికి చేర్చేందుకు 1962లో పుట్టిన కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అనుభవం ఉంది. మన రాష్ట్రంలో జన విజ్ఞాన వేదిక 1988లో మొదలై, చెకుముకి పత్రికతో, కళాజాతలతో పల్లెపల్లెకూ తిరిగింది. మంత్రాలతో నిప్పు పుట్టిస్తామనేవాళ్ల కిటుకులు విప్పి చూపిన కార్యక్రమాలు సీమలో చాలామందికి గుర్తుంటాయి. డప్పు కొడితే జనం చేరతారు, చేరినవాళ్లకు కబుర్లు చెప్పాల. ఈ విద్య మనవాళ్లకు ఎడిన్‌బరావాళ్లు నేర్పాల్సిన పనిలేదు. మనం పోగొట్టుకున్నది ఆ కొనసాగింపును. జాతా వచ్చి పోతుంది. తిర్నాల ఏటా అదే తిథికి వస్తుంది, ఊరు దానికోసం ఎదురుచూస్తుంది.

2015 నుంచి కేంద్రప్రభుత్వం పెద్ద ఎత్తున దేశస్థాయి సైన్స్ ఫెస్టివల్ కూడా జరుపుతోంది. ఏడాదికో నగరంలో, పెద్ద పెద్ద సంస్థలతో. దాన్ని తప్పుపట్టను. మా అవ్వ పోయేది మాత్రం కాదు.

సరే, మన దగ్గర పెడితే ఏం పెట్టాలి? ఇక్కడే ఎక్కువమంది నిర్వాహకులు బోల్తాపడతారు. రాకెట్లు, రోబోలు, నల్లని తెర కట్టి గ్రహాలు. ఇవి వద్దనను, పిల్లలకు కళ్లు మెరుస్తాయి. కానీ జనం ఇంటి నుంచే ఒక ప్రశ్న తెచ్చుకుంటే ఆ ప్రశ్నతో మొదలుపెట్టడం సులువు. సీమలో అటువంటి ప్రశ్నలకు కరువు లేదు. నీళ్లకే కరువు.

మొదటిది వజ్రాలు. తొలకరి పడిందంటే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వంగి నడుస్తుంటారు. పొరుగు జిల్లాల నుంచి బండ్లు కట్టుకుని వచ్చి, చెట్లకింద వండుకుని, పగలంతా వెతుకుతారు. ఫలానా రైతుకు రాయి దొరికింది, లక్షలకు పోయిందని ప్రతి జూన్‌లో పేపర్లో చూస్తాం. అదృష్టం అంటారు. ఆ అదృష్టం కింద ఎంత కథ ఉందో ఎవరైనా చెప్పినారా?

వజ్రం పుట్టేది భూమిలో 150 కిలోమీటర్లకు పైబడిన లోతున. అక్కడి ఒత్తిడికి, వేడికి కార్బన్ వజ్రంగా గట్టిపడుతుంది, బొగ్గులో ఉండేదీ అదే కార్బన్. దాన్ని పైకి మోసుకొచ్చింది కింబర్లైట్ అనే శిల. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర ఆ శిల గొట్టాలుగా భూమిని చీల్చుకుని పైకి వచ్చి దాదాపు 110 కోట్ల ఏళ్లయింది. ఊరి పేరులోనే వజ్రం ఉందని మనకు తెలుసు, కింద గొట్టం ఉందని భూగర్భశాస్త్రజ్ఞులు తర్వాత చెప్పినారు. కాలక్రమంలో ఆ శిల అరిగి మట్టిలో కలిసింది, వజ్రం అరగలేదు. వాన పైమట్టిని కడిగేసినప్పుడు తేలికవి కొట్టుకుపోతాయి, బరువైనవి మిగులుతాయి. మామూలు పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ బరువైతే, వజ్రం మూడున్నర రెట్లు. వాన తర్వాతే ఎందుకు దొరుకుతాయో ఇప్పుడు ఎవరైనా చెప్పగలరు.

దీన్ని ఒక బల్ల మీద పెట్టండి. పది తెల్లరాళ్లు పోసి, అందులో వజ్రం ఏదో కనిపెట్టమనండి. పలుగురాయి అద్దాన్ని గీస్తుంది కాబట్టి, గీసినంత మాత్రాన వజ్రం కాదని అక్కడే తేలిపోతుంది. వజ్రం పలుగురాయినే గీస్తుంది. రాయి మీద నోటితో ఊదితే పట్టిన ఆవిరి వజ్రం మీద చిటికెలో పోతుంది, ఎందుకంటే అది వేడిని రాగికంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది. వ్యాపారుల దగ్గరుండే చిన్న టెస్టర్ పెన్ను చేసే పనీ ఇదే. ఇంకో అడుగు వేస్తే చంద్రశేఖర వెంకట రామన్ దగ్గరికి చేరుకుంటాం. ఫిబ్రవరి 28ని జాతీయ సైన్స్ దినంగా 1987 నుంచి జరుపుకుంటున్నాం, 1928లో ఆ రోజున కనుగొన్న రామన్ ఎఫెక్ట్‌ను తలుచుకుని. వెలుగు ఒక పదార్థానికి తగిలి చెదిరేటప్పుడు అందులో కొద్దిభాగం రంగు మారుతుంది, ఆ మార్పు ఒక్కో పదార్థానికీ వేలిముద్ర లాంటిది. రాయి వజ్రమా కాదా అని ప్రయోగశాలలో తేల్చేది ఇప్పుడు ఆ వేలిముద్రతోనే. రామన్‌కు వజ్రాలంటే పిచ్చి, ఏరి కూడబెట్టి జీవితంలో చాలాకాలం వాటి మీద పనిచేసినాడు. ఫిబ్రవరి 28న ప్రతి బడిలోనూ ఆయన ఫొటోకు దండ వేస్తాం. జొన్నగిరి చేన్లో వంగి వెతికే మనిషికీ ఆ ఫొటోకూ ఉన్న సంబంధం మాత్రం ఎక్కడా చెప్పం.

జొన్నగిరి దారిలోనే ఎర్రగుడి అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో వాటిని బయటపెట్టింది ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు. అక్కడ ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి, ఆ పక్కవి కుడి నుంచి, మడక తిప్పి దున్నినట్టు పోతాయి. దారి తప్పినానని తెలుసు, కానీ తిర్నాలలో ఒక అంగడి నుంచి ఇంకో అంగడికి పోయేది ఇట్లాగే కదా.

రెండోది అవ్వ ప్రశ్న, బోరు. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. కింద గట్టి రాయి. ఆ రాయి బీటల్లోనూ, పైన మెత్తబడిన పొరలోనూ మాత్రమే నీళ్లుంటాయి. కాబట్టి వంద గజాల దూరంలో ఒక బోరు పడుతుంది, ఇంకోటి పడదు. ఈ అనిశ్చితిలోకే కొబ్బరికాయ, వేపపుల్ల పట్టుకుని పాయింట్ పెట్టేవాళ్లు వస్తారు. అరచేతిలో కాయ నిలబడితే నీళ్లున్నట్టు. వాళ్లు పెట్టిన చోట నీళ్లు పడిన బోర్లూ ఉన్నాయి, అందుకే జనం నమ్ముతారు. ఇక్కడ చాలామంది సైన్సు ప్రచారకులు చేసే పని, నమ్మేవాళ్లను ఎగతాళి చేయడం. అది చేసినరోజే తిర్నాల పాడైపోతుంది.

ఎగతాళికి బదులు పరీక్ష పెట్టొచ్చు, అదీ పాయింట్ పెట్టే మనిషి ఒప్పుకున్న పద్ధతిలో. 1990లో జర్మనీలోని కాసెల్ పట్టణంలో ఇదే చేసినారు. నేలలో గొట్టం పూడ్చి, పైన పుల్లలు పట్టుకునేవాళ్లు దాదాపు 30 మందిని నిలబెట్టి, గొట్టంలో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. పద్ధతికి అందరూ ముందే ఒప్పుకున్నారు, తప్పకుండా చెప్తామనీ అన్నారు. ఫలితం గుడ్డిగా చెప్పినదానికంటే మెరుగ్గా రాలేదు. మనం పది బిందెలతో చేయొచ్చు. ప్రతి బిందెకూ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే నీళ్లు, బొరుసు పడితే ఇసుక నింపి గుడ్డ కట్టాల. నింపినవాడు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, ఉంటే వాడి ముఖమే గుట్టు చెప్పేస్తుంది. ఊరికే ఊహించినా సగటున ఐదు సరిపోతాయి. పదింటిలో ఎనిమిదీ అంతకంటే ఎక్కువా సరిగ్గా చెప్పడం వట్టి అదృష్టంతోనే నూటికి ఐదారుసార్లు జరుగుతుంది. అంటే ఇరవైమంది ప్రయత్నిస్తే వాళ్లలో ఒకడు ఎనిమిది చెప్పి హీరో అయిపోవచ్చు. ఆ ఒక్కడి పేరే చుట్టుపక్కల ఊర్లకు పాకుతుంది. మళ్లీ పరీక్ష పెట్టు, ఆ ఒక్కడికే పెట్టు, అప్పుడు చూద్దాం అనడమే ఈ పద్ధతిలోని అసలు మెలిక. పక్కనే రెసిస్టివిటీ మీటరు పెట్టి, భూమిలోకి కరెంటు పంపి తడిపొరను ఎట్లా అంచనా వేస్తారో, అదికూడా ఎప్పుడు తప్పుతుందో చెప్పాల. తప్పుతుందని ఒప్పుకోకపోతే దానికీ కొబ్బరికాయకూ తేడా ఏముంది?

ఇక కడపలో పెడితే బల్ల వెనక ఎవర్ని నిలబెట్టాలో నాకు సందేహం లేదు. కలివికోడి కథ తెలుసు కదా. పక్షుల మీద పనిచేసిన బ్రిటిష్ డాక్టరు జెర్డన్ ద్వారా 1848లో లోకానికి తెలిసిన ఆ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, లోకం నుంచి పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల అడవి అంచున మళ్లీ బయటపడింది. వెతికింది బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవాళ్లే గానీ, రాత్రిపూట పొదల్లోంచి పట్టి తెచ్చింది ఇక్కడి వేటగాడు. ఆ పక్షి కోసం అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకుంది. అడుగుజాడ చూసి పక్షిని గుర్తుపట్టే మనుషులు ఆ పల్లెల్లో ఉన్నారు. వాళ్లు మైకు పట్టుకుని చెప్తుంటే ప్రొఫెసర్లు కింద కూర్చుని వినే సభ ఒకటి చూడాలని ఉంది నాకు. వేంపల్లె దిక్కు సున్నపురాయిలో ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా కనబడేవి 180 కోట్ల ఏళ్లకు పైబడిన సూక్ష్మజీవుల గుర్తులని గనిలో రాయి కొట్టేవాళ్లకు చెప్పినారో లేదో కూడా కనుక్కోవాల.

ఇంత చెప్పినాక ఒక చేదుమాట. సైన్సు పండుగలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, ముందునుంచే ఆసక్తి ఉన్నవాళ్లని విదేశాల్లో వాటిని పరిశీలించినవాళ్లు గమనించినారు. వేలమంది వచ్చినారని లెక్క చూపినా, రాని వేలమందే అసలు సమస్య. యూనివర్సిటీ ఆవరణలో షామియానా వేసి అందరికీ ఆహ్వానం అని ఫ్లెక్సీ కడితే, అందరూ అంటే తమను కాదని జనానికి తెలుసు. గేటు దగ్గర సెక్యూరిటీ ఉన్నచోటికి మా అవ్వ పోదు.

కాబట్టి సైన్సే జనం దగ్గరికి పోవాల. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దగ్గర, కడప పెద్ద దర్గా ఉరుసులో, కదిరి తేరు నాడు, వారం సంతలో ఒక మూల. కర్నూలు, కడపల్లో ఉర్దూలో చెప్పేవాళ్లు కావాలి, ఆదోని, మడకశిర వైపు కన్నడంలో. ఒక మిత్రుడు ఉత్సాహంగా, "ఒంటిమిట్ట కల్యాణం నిండు వెన్నెల్లో జరుగుతుంది కదన్నా, అక్కడ టెలిస్కోపు పెడదాం" అన్నాడు. మంచి మాటే, కానీ పున్నమి చంద్రుడు టెలిస్కోపుకు పనికిరాడు. సూర్యుడు నేరుగా ఎదురుగా ఉండటంతో గుంతలకు నీడలు పడవు, సున్నం కొట్టిన గోడలా కనబడుతుంది. అష్టమి నాటి సగం చంద్రుడైతే ఒక్కో గుంతా చెయ్యి పెట్టొచ్చన్నట్టు ఉంటుంది. తిథి చూసుకుని పెట్టుకోవాల్సిన పని సైన్సుకూ ఉంది మరి.

ముహూర్తం సంగతి వచ్చింది కాబట్టి, ఫిబ్రవరి 28 మన పిల్లలకు ఎంత చెడ్డ రోజో కూడా చెప్పాల. ఇంటర్ పిల్లలకు పరీక్షలు నెత్తిమీద ఉంటాయి, పదోతరగతివాళ్లకు ప్రీఫైనల్ గొడవ. ఎండాకాలం సెలవులంటే 42 డిగ్రీల్లో షామియానా కింద ఎవరూ నిలబడరు. సంక్రాంతి సెలవులు మేలు. చల్లగా ఉంటుంది, బెంగళూరు, హైదరాబాదుల్లో ల్యాబుల్లో పనిచేసే మన ఊరి పిల్లలు ఇంటికొచ్చి ఉంటారు. వాళ్లను ఒక పూట కూర్చోబెడితే ఖర్చు ఉగ్గాని, బజ్జీలు, టీ. వాళ్లకు ఒక్కటే నేర్పాల: తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలీదు పెద్దమ్మా, కనుక్కుని చెప్తా" అనడం. ఆ బడి పిల్లోడికి ఎవరూ నేర్పనిది అదే.

మొన్న ఒక మంగళవారం, ఏ గ్రహణమూ లేనినాడు, ఇంట్లో ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టినాను. గ్రహణం పట్టినప్పుడే నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని అవ్వ చిన్నప్పటినుంచి చూసిందే. రెండుసార్లు జారింది, మూడోసారి నిలబడింది. రోకటికి అడుగున పొన్ను సమంగా ఉంటే, బరువు ఆ వెడల్పు దాటి పక్కకు పోనంతవరకూ అది పడదని చెప్పినాను. సూర్యుడు, చంద్రుడు దాదాపు ఒకే దిక్కు నుంచి లాగేది గ్రహణంనాడే కాదు, ప్రతి అమావాస్యకూ జరుగుతుందని కూడా చెప్పబోయినాను. అవ్వ వినడంలేదు. రోకలి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "మరి తక్కిన దినాల్లో ఎవురన్నా నిలబెట్టి సూసినారా?" అంది.

చూడలేదన్నాను.

"నేనూ సూడల్యా," అని తాంబాళం ముందు పీట వేసుకుని కూర్చుంది. ఎప్పుడు పడుతుందో చూడాలంట. రాత్రి భోజనాల వేళకు కూడా అది నిలబడే ఉంది.